శివారు పీరియడ్లు

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ప్రతి హైస్కూల్లోనూ స్టాఫ్‌రూం బల్ల మీద ఒక పెద్ద చార్టు పరుస్తారు. ఆరు రోజులు, రోజుకు 8 పీరియడ్లు, తరగతికి 48 గళ్లు. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ గళ్లు నింపే పని చాలా ఏళ్లు నాదే. నేను జీవశాస్త్రం టీచర్ని. లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు పొద్దున్నే సీట్లు పట్టేసుకుంటాయి. తెలుగు, సోషల్, హిందీ వాటి పక్కన సర్దుకుంటాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక, పిల్లలు సగం నిద్రలో ఉండే వేళకి, డ్రాయింగూ డ్రిల్లూ క్రాఫ్టూ లైబ్రరీ దిగుతాయి. ఆగస్టు వచ్చేసరికి ఆ గళ్ల మీదా ఎవరిదో ఒకరి చెయ్యి పడుతుంది. "మేడం, నా సిలబస్ వెనకబడిపోయిందండి, ఆ డ్రాయింగ్ పీరియడ్ నాకిచ్చెయ్యండి" అంటారు. ఇవ్వకపోతే చదువుకి అడ్డుపడుతున్నట్టు చూస్తారు.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది ఎరిగిన వ్యవహారమే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎంత నీరు వదిలినా, ఎగువ తూముల దగ్గర తోడుకోగా మిగిలిందే శివారు చేలకి వస్తుంది. నీరు చాలని ఏడాది ముందు ఎండేది శివారు పొలమే. మన బళ్లలో బొమ్మ, పాట, ఆట, చేతిపని ఆ శివారు పొలాలు. సమతూకమైన పాఠ్య ప్రణాళిక గురించి ఎన్ని సెమినార్లు పెట్టుకున్నా, ముందు తేల్చాల్సింది ఒక్కటే: ఆ శివారుకి వారం వారం నీరు చేరుతోందా, లేదా?

6, 7, 8 తరగతుల గురించే పట్టుబట్టి రాస్తున్నాను. దానికి కారణం ఉంది. అయిదో తరగతి దాకా ఒకరిద్దరు టీచర్ల కళ్లముందే పెరిగిన పిల్ల ఆరులోకి రాగానే గంటకో మనిషి మారే బడిలో పడుతుంది. మన రాష్ట్రంలో హిందీ అక్షరాలు మొదలయ్యేది ఆరులోనే. ఆరు, ఏడుల్లో ఒకే పుస్తకంగా ఉన్న సైన్సు ఎనిమిదిలో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం అని రెండుగా చీలుతుంది. పుస్తకాలు ఇలా పెరుగుతున్న ఏళ్లలోనే ఆ పిల్ల ఒళ్లు కూడా పెరుగుతుంటుంది. పదకొండు నుంచి పదమూడు ఏళ్ల లోపు పిల్లలు తమకి ఏది చేతనవుతుందో, ఏది చేతకాదో తేల్చేసుకుంటుంటారు. "నాకు లెక్కలు రావు టీచర్" అనే మాట నేను ఎక్కువగా విన్నది ఏడో తరగతిలోనే. నాకు ఫలానాది బాగా వచ్చు అని చెప్పుకోడానికి ఆ పిల్లకి ఇంకొక చోటు కూడా బడిలోనే ఉండాలి. సమతూకం అవసరం అక్కడ మొదలవుతుంది.

చట్టం ఈ విషయంలో వెనక్కి పోలేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలంది. ఆ తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి చిత్రకళ, వ్యాయామం, పని విద్య కోసం పార్ట్‌టైం బోధకులు ఉండాలని షెడ్యూల్లోనే రాసింది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకొక అడుగు వేసి, పాఠ్యం వేరు, సహపాఠ్యం వేరు అనే గోడే వద్దంది. ఈ తరగతుల పిల్లలు ఆ మూడేళ్లలో ఎప్పుడైనా పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి దగ్గరో, తోటమాలి దగ్గరో, కుమ్మరి దగ్గరో పని చూసి నేర్చుకోవాలంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. డ్రాయింగ్ మాస్టారు రిటైరైన చోట కొత్త మనిషి రాకపోవడమే చాలా బళ్ల కథ.

"గంటలు ఎక్కడున్నాయి మేడం" అని అడిగేవాళ్లకి నేను జపాన్ లెక్క చూపిస్తాను. అక్కడ మన ఏడో తరగతి ఈడు పిల్లలు హైస్కూలు మొదటి మెట్టు ఎక్కుతారు. ఆ ఏడాదికి వాళ్ల ప్రభుత్వం పెట్టిన మొత్తం 1015 పీరియడ్లు. మాతృభాషకి 140, లెక్కలకి 140, విదేశీ భాషకి 140, సైన్సుకి 105, సోషల్‌కి 105. ఇక్కడిదాకా మనలాగే ఉంది. వ్యాయామ ఆరోగ్య విద్యకి కూడా 105, అంటే సైన్సుతో సమానంగా. సంగీతానికి 45, చిత్రకళకి 45, చేతిపని, ఇంటిపని నేర్పే సబ్జెక్టుకి 70. ఆ ఇంటిపని అబ్బాయిలకీ, అమ్మాయిలకీ ఒకటే. మిగిలినవి నీతిబోధకి, పిల్లలు సొంతంగా శోధించే పనులకి, బడి కార్యక్రమాలకి. పీరియడ్ 50 నిమిషాలు కాబట్టి మొత్తం కూడితే 850 గంటలు కూడా దాటదు. మన చట్టం అడిగిన 1000 గంటలకన్నా తక్కువ. అక్కడా ట్యూషన్లున్నాయి, పోటీ ఉంది, పిల్లల మీద ఒత్తిడీ ఉంది. అయినా బడి గంటల్లో బొమ్మ పీరియడ్‌ని లెక్కల పీరియడ్ మింగదు. కాబట్టి మనకి కొరత గంటలది కాదు.

ఇంకో కొసకి వెళ్లిన ప్రయోగమూ మన దేశంలో జరిగింది. 1937లో వార్ధాలో గాంధీగారు ముందుకు తెచ్చిన మౌలిక విద్య ఆలోచనకి జాకిర్ హుస్సేన్ కమిటీ ఒక దినచర్య వేసింది. అయిదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు వృత్తిపనికే. సంగీతం, డ్రాయింగ్, లెక్కలు మూడూ కలిపి 40 నిమిషాలు. మాతృభాషకి 40. సాంఘిక, సామాన్య శాస్త్రాలు రెంటికీ కలిపి 30. వ్యాయామానికి 10, విరామానికి 10. నూలు వడికే చేతి నుంచే లెక్కా, చరిత్రా, సైన్సూ పుట్టించాలని వాళ్ల ఆశ. ఆ ఆశ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ దినచర్యలో శివారుకి పోయింది లెక్కలూ సైన్సూ. చిన్న రైతు బిడ్డ ఇంజనీరు కావాలంటే సోషల్‌తో పంచుకున్న ఆ అరగంట సైన్సు చాలదు. సమతూకం ఏ వైపు ఒరిగినా చెడుతుంది.

చేతిపని అన్న మాట ఎత్తితే మన దగ్గర కొందరు తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయానికి చరిత్ర ఉంది. 1953లో, మన జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బళ్లలో ఒక పద్ధతి తెచ్చింది. పిల్లలు ఒక పూట బడికి, ఇంకో పూట ఇంట్లో తల్లిదండ్రుల వృత్తికి. మంగలి బిడ్డకి మంగలి పని, చాకలి బిడ్డకి చాకలి పని అన్నమాట. దాన్ని కులం చదువు అన్నారు జనం. గట్టిగా ఎదిరించారు. 1954లో కామరాజ్ వచ్చాక అది పోయింది. పోవాల్సిందే. ఏ పని నేర్పినా అన్ని ఇళ్ల పిల్లలకీ అదే నేర్పడం ఒక్కటే దీనికి మందు. కడియపులంక నర్సరీల్లో అంటు కట్టడం, నరసాపురం లేసు అల్లిక, బండారులంక మగ్గం... ఇవన్నీ మన చుట్టూ ఉన్న విద్యలే. లేసు అల్లే తల్లి కూతురికి ఆ కుట్టు ఇంట్లోనే వస్తుంది. ఆ క్లాసులో నేర్చుకోవాల్సింది రొయ్యల చెరువు యజమాని కొడుకు. ఆ అమ్మాయి చేతికి స్క్రూడ్రైవరూ బ్యాటరీ వైర్లూ ఇవ్వాలి.

బొమ్మల పీరియడ్ ఎందుకని అడిగేవాళ్లకి చెప్పడానికి నేను ఊరు దాటక్కర్లేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. ఆయన స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో ఉన్నదేమిటో ఆయన కంటికి ఆనింది. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరేలా చూశాడు. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలోనే బొమ్మల బడి పెట్టాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, మశూచి వచ్చి పోయాడు. ఆ కొద్ది ఏళ్లలో వేసిన బొమ్మలు ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో చూడొచ్చు. భీమవరంలో పుట్టి నవలలూ రాసి బొమ్మలూ వేసిన అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. ఇద్దరు శిష్యులు, ఒక్క గురువు. ఆయన ఆ రోజుల్లో ఇంకో ఊళ్లో ఉద్యోగం చేస్తూ ఉండి ఉంటే ఏమయ్యేదో! అదృష్టం కొద్దీ ఒక కూల్డ్రే దొరకడం వేరు, గోదారి లంకలో పుట్టిన పిల్లకైనా వారానికి రెండు గంటలు రంగులు చేతికి అందడం వేరు. పాఠ్య ప్రణాళిక అంటూ ఒకటి ఉండేది ఆ రెండోదాని కోసమే.

మరి గంటలు ఎలా మిగులుతాయి? నాకు పనికొచ్చిన దారి ఒకటి చెబుతాను. కొన్ని పాఠాలు ఒకే నీటితో తడుస్తాయి. వాటిని కలిపి చెప్తే మిగిలిన పీరియడ్లు శివారుకి వదలొచ్చు.

మా ఏడో తరగతిలో వరద రోజుల్లో గోదారినే పాఠంగా పెట్టుకున్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు ఈ జిల్లాల్లో ప్రతి ఇంట్లో వినపడతాయి. లెక్కల పుస్తకంలో అదే తరగతిలో దశాంశాలూ, దత్తాంశ నిర్వహణా ఉంటాయి. పిల్లలు పేపర్లో వచ్చే మట్టం రోజూ రాసుకుని గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, ఘనపుటడుగంటే 28.3 లీటర్లు అని లెక్కల మాస్టారు చెప్పారు. మొదటి హెచ్చరిక వేళకి బ్యారేజీ దాటే నీరు దాదాపు 10 లక్షల క్యూసెక్కులు. మన ఊరి నీళ్ల ట్యాంకు 40 వేల లీటర్లదైతే ఒక్క సెకనులో అలాంటివి ఎన్ని నిండుతాయి? ఏడువందల పైచిలుకు అని తేలేసరికి క్లాసులో చప్పుడు లేదు. 2022 జులైలో ఆ ప్రవాహం 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షలు.

లంక నుంచి వచ్చే ఒక అమ్మాయి మొదటి రెండు హెచ్చరికల మధ్య తేడా చూసి అడిగింది: "టీచర్, రెండడుగులంటే మా రేవు మెట్ల మీద ఎన్ని మెట్లు?" ఎండాకాలంలో కొలిచి ఉంచుకున్న మెట్టు ఎత్తు ఏడంగుళాలు. 24ని ఏడుతో భాగించి దాదాపు మూడున్నర మెట్లు అంది ఆ పిల్లే. నీళ్ల దగ్గరికి పిల్లల్ని పోనివ్వలేదు. పెద్దవాళ్లు మెట్టు మెట్టుకీ చూసి చెప్పారు. ధవళేశ్వరంలో రెండడుగులు పెరిగిన రోజున వాళ్ల రేవులో అంత పెరగలేదు, పెరిగింది కూడా కొన్ని గంటల తర్వాతే. ఎందుకు? ఇక్కడ మొదలైంది అసలు సైన్సు. గౌతమి, వశిష్ఠ అని నది చీలుతుంది కదా అన్నారు ఒకరు. మా దగ్గర పాయ వెడల్పు టీచర్ అన్నారు ఇంకొకరు. "సముద్రం పోటు మీదుంటే వరద తియ్యదని మా తాతయ్య అంటాడు" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. ఆ మాటకి ఆ పూట పాఠం మొత్తం పోటూ పాటూ మీదికి మళ్లింది. నేను ఆపలేదు.

తెలుగు మేడం పిల్లల చేత ఇంట్లో మామ్మల్ని, తాతయ్యల్ని 86 వరద గురించి అడిగించి రాయించారు. పడవ మీద వచ్చిన పులిహోర పొట్లాలు, ఏటిగట్టు మీద కట్టేసిన గేదెలు, అటక మీద గడిపిన రాత్రులు... వ్యాసం రాయమంటే నాలుగు వాక్యాలు దాటని పిల్లలు రెండు పేజీలు రాసుకొచ్చారు. సోషల్‌లో కాటన్ దొర, 1847 నుంచి 1852 దాకా సాగిన ఆనకట్ట పని, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే దాని నాలుగు భాగాలు. ఆనకట్టకి ముందు ఇదే నేల కరువుతో ఎంత అల్లాడిందో కూడా చెప్పుకున్నాం, వరద ఒక్కటే కథ కాకూడదని. పాయల పటాన్ని డ్రాయింగ్ పీరియడ్లో గోడ నిండా వేశారు. ఎర్రనీళ్ల రోజుల్లో పులస చేప ఎందుకు ఎదురీదుతుందో నేను చెప్పాను: గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి మంచినీళ్లలోకి వస్తుంది గనక.

ఇలా చెప్పినప్పుడు దశాంశాలూ, గ్రాఫులూ, ఇంటర్వ్యూ రాయడం, పటం చదవడం విడివిడిగా చెప్పే పని తగ్గింది. ఆ మిగులు కొద్దిదే. కానీ అది డ్రాయింగుకీ ఆటకీ తిరిగొచ్చింది. వానాకాలానికి వరద, నాట్ల రోజులకి వరి. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి వంగడం, దాని అసలు నంబరు ఎం.టి.యు. 7029, ఎనిమిదో తరగతి పంటల పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ లేదు. ఎం.టి.యు. అంటే ఏమిటని అడిగితే ఆ మొదటి అక్షరాల్లో మన మార్టేరే ఉందని చెప్పినప్పుడు, ఆ వడ్లు చల్లే ఇంటి పిల్లలు తలెత్తి చూశారు.

దీన్ని మోతాదు మించనివ్వకూడదు. అన్నిటినీ గోదారికి ముడిపెట్టాలని చూస్తే పాఠం నాటకం అవుతుంది. భిన్నాలు, బీజగణితం, హిందీ గుణింతాలు రోజూ కాసేపు పలకా బలపం పట్టినట్టు సాధన చేస్తేనే వస్తాయి. వాటికి దగ్గరదారి లేదు. కొన్ని సబ్జెక్టులు విడిగా, గట్టిగా, వరసగా చెప్పాలి. ఏది కలపాలి, ఏది కలపకూడదు అని టీచర్లంతా ఒక బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవడమే పాఠ్య ప్రణాళిక వెయ్యడం. రాష్ట్రం ఇచ్చేది పుస్తకం. ఈ కూర్చోవడం మాత్రం ఎవరి బడిలో వాళ్లే చెయ్యాలి. బొమ్మూరు ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో రేపటి టీచర్లకి పాఠ్య పథకాలు రాయడంతో పాటు ఈ పని కూడా నేర్పితే బాగుంటుందని నా మనవి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇన్ని కాలువలు, మురుగు కోడులు, చెరువులు, పాయల మధ్య బతికే పిల్లలకి మన బళ్లలో ఈత లేదు. కరిక్యులం ఎక్కడో రాసేవాళ్లకి ఇది తట్టదు, వాళ్ల ఊళ్లో కాలువ ఉండకపోవచ్చు. ప్రతి ఎండాకాలం స్నానానికి దిగిన పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆరు నుంచి ఎనిమిది లోపు ప్రతి పిల్లా, ఆడపిల్లతో సహా, శిక్షకుల సమక్షంలో ఈత నేర్చుకోవాలి. అది కుదరని చోట కనీసం మునుగుతున్న మనిషిని చూసి దూకకూడదని, తాడో చీరో కర్రో విసరాలని, అరిచి పెద్దవాళ్లని పిలవాలని నేర్పాలి. ఈ జిల్లాల్లో వ్యాయామ విద్యకి ఇంతకన్నా ముందుండాల్సిన పాఠం నాకు కనపడదు.

మార్కుల దగ్గరికి వద్దాం. పరీక్షలో లేనిది బడిలో ఉండదు అనేది మన అనుభవం. కళలకీ ఆటలకీ గ్రేడ్లు వేసే ఏర్పాటు ఉంది. ఏడాది చివర రిజిస్టరు ముందేసుకుని అందరికీ ఒకేలా నింపేసే చోట్లూ ఉన్నాయి. పిల్ల గీసిన బొమ్మలు, కట్టిన అంటు, పాడిన పాట తేదీలతో ఒక ఫైల్లో పెడితే గ్రేడు దానంతటదే పడుతుంది. నేను ఆ ఫైలుకి పాత వెడ్డింగ్ కార్డుల కవర్లే వాడేదాన్ని.

రాజమండ్రి, భీమవరం రోడ్ల మీద హోర్డింగుల్లో "ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్" అని కనిపిస్తుంది. ఆ బళ్లలో చదివే పిల్లల తల్లిదండ్రులు కష్టపడి ఫీజు కడుతున్నారు. వాళ్ల ఆశని తప్పుపట్టను. కానీ పదకొండేళ్ల పిల్ల రోజంతా మూడు సబ్జెక్టుల కోసం కూర్చుంటే, ఇంకా దేంట్లో చురుకో తెలియక ముందే ఆ పిల్లకి మిగతా తలుపులన్నీ మూసినట్టే. లెక్కల్లో నిజంగా చురుకున్న పిల్లకి తొమ్మిదిలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు. వేళ్లు తేలికగా వంగే ఈడులో కుంచె, మృదంగం పట్టకపోతే, బంతి విసరడం రాకపోతే, తర్వాత పట్టించడం చాలా కష్టం.

తల్లిదండ్రులకి ఒక పని చెబుతాను. ఈసారి బడిలో పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కులు అడగండి, తప్పులేదు. వెళ్లే ముందు పిల్ల సంచిలో డ్రాయింగ్ పుస్తకం ఉందేమో చూడండి. ఉంటే ఆఖరి బొమ్మ మీద ఏ నెల తేదీ ఉందో చూడండి. ఆగస్టు తర్వాత బొమ్మ లేకపోతే, ఆ పీరియడ్ ఎవరికి పోయిందని హెడ్మాస్టరు గారిని మర్యాదగా, అందరి ముందూ అడగండి.